కుబుసం విడిచిన పడవ



నా చేతిలో ఇప్పుడొక పెయింటు పెచ్చు ఉంది. రేడియోలో చూపించే వీలు లేదు గనుక నోటితోనే చూపిస్తాను. జానెడు పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు. పైన నీలం, తిరగేస్తే ఇటుక రంగు. ఈ ఇటుక రంగు వైపు బొటనవేలితో రాస్తే అద్దం మీద రాసినట్టు నున్నగా తగులుతుంది. ఇది గీకితే వచ్చిన పెచ్చు కాదు. ఒక అల్యూమినియం పడవ మీది నుంచి, పాము కుబుసం విడిచినట్టు తనంతట తానే ఊడి నీళ్ల మీద తేలుతుంటే ఒక పిల్లగాడు ఏరుకొచ్చాడు. "సార్, మీ రంగు" అని నా చేతిలో పెట్టి పోయాడు.

ఆ పడవకు రంగు వేయించింది నేనే. కాబట్టి ఇవాళ నేను ఎవరి మీదా చాడీలు చెప్పబోవడం లేదు.

ఐటీఐలో ముప్పై ఏండ్లు పిల్లలకు రేకుల పని, వెల్డింగు నేర్పి రిటైరైన మనిషిని. కరీంనగర్‌ను ఆనుకుని దిగువ మానేరు డ్యాం ఉంది కదా, 24 టీఎంసీల నీళ్లు పట్టేది. దాని వెనక నీళ్ల ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో చేపలు పట్టేవాళ్లు కొందరు కలిసి ఒక పాత పడవ కొన్నారు. పద్నాలుగు అడుగుల అల్యూమినియం పడవ, రివెట్లు కొట్టింది. మన దిక్కు ఇలాంటిది అరుదు. చెరువులో వలకు పోవాలంటే థర్మాకోల్ ముక్కలు కట్టిన తెప్పో, వెదురు పుట్టో. ఆ పుట్టికి ఒకప్పుడు తోలు తొడిగేవాళ్లు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా వేసి తారు పూస్తారు. గోదావరి, ప్రాణహితల మీదికి పోతే నాటు పడవలు. కాళేశ్వరం నుంచి అవతలి ఒడ్డు సిరోంచకు, వంతెన వచ్చేదాకా జనం వాటిలోనే దాటారు. తెప్పకు రంగు ఉండదు, పుట్టికి తారే రంగు, నాటు పడవకు ఏ రంగేసినా కట్టె తాగుతుంది. ఈ తెల్ల రేకు పడవ ఒక్కటే వాళ్లకు కొత్త. నన్ను పిలిచారు.

"సారూ, మీరు రేకుల పని ఎరిగినోళ్లు. దీనికి జర మంచి రంగు చెప్పున్రి."

నేను క్షణం ఆలోచించలేదు. రెడ్ ఆక్సైడ్ ఒక కోటు, దాని మీద నీలం ఎనామిల్ రెండు కోట్లు అని చెప్పాను. ముప్పై ఏండ్లలో గేట్లకు, గ్రిల్లులకు, బీరువాలకు, నీళ్ల ట్యాంకులకు చెప్పింది అదే. పెయింటరు వచ్చాడు, గుడ్డతో దుమ్ము తుడిచాడు, రెండు రోజుల్లో పని ముగించాడు. ఎండలో పడవ పాలపిట్ట రెక్కలా మెరిసింది. కొబ్బరికాయ కొట్టాం, గంగమ్మకు మొక్కాం. మిరుగు నాటికి వానలు పడ్డాయి. రాఖీ పున్నమి రాకముందే పిల్లగాడు ఈ పెచ్చు పట్టుకొచ్చాడు.

ఇనుముకు పనికొచ్చింది దీనికి ఎందుకు పనికి రాలేదు? ఆ లెక్క తేల్చుకోవడానికి నాకు ఒక ఎండకాలం పట్టింది. తేలాక చూస్తే అది మా ఇంటి వంటింట్లోనే ఉంది.

మనం సిల్వర్ గంజు అంటాం. అది వెండి కాదు, అల్యూమినియం. మా అవ్వ గంజులో నీళ్లు కాచీ కాచీ లోపలంతా నల్లబడితే, మరుసటి రోజు అందులోనే చింతపండు పులుసు పెట్టేది. పులుసు దించాక గంజు లోపల కొత్తదానిలా తెల్లగా వచ్చేది. ఆ నలుపు ఎటు పోయిందని మేం అడగలేదు, పులుసులోకే పోయింది మరి. ఉతికే సోడా వేసి తోమితే మాత్రం అదే గంజు మళ్లీ మసకబారుతుంది. తమలపాకు సున్నాన్ని సిల్వర్ డబ్బాలో పెడితే కొన్నాళ్లకు డబ్బా అడుగు గుంటలు పడుతుంది. పులుపు మెల్లగా నాకుతుంది, సున్నం, సోడా గబగబా తింటాయి. అంటే ఈ లోహం పైకి కనిపించేంత మొండిది కాదు. పైన ఒక పొర ఉంది, ఆ పొర ఉన్నంతసేపే దాని ధైర్యం.

ఆ పొర సంగతి చెప్తాను. అల్యూమినియాన్ని గీకగానే, మీరు చెయ్యి వెనక్కి తీసేలోపే, గాలిలోని ఆక్సిజన్ దానిమీద మళ్లీ పొర కట్టేస్తుంది. వెంట్రుక మందాన్ని ఇరవై వేల పొరలుగా చీలిస్తే అందులో ఒక పొరంత పలుచన. ఇనుముకు పట్టే తుప్పు పొరలు పొరలుగా ఉబ్బి రాలుతుంది, రాలినచోట కింది ఇనుము బయటపడి మళ్లీ తుప్పు పడుతుంది. అల్యూమినియం తుప్పు అలా కాదు. గట్టిగా అతుక్కుని, కిందికి గాలినీ నీటినీ పోనివ్వదు. పదార్థంగా చూస్తే కెంపు, నీలం రాళ్లలో ఉండేదీ, మనం గీకడానికి వాడే ఎమరీ పేపరు మీది గింజల్లో ఉండేదీ ఇదే. మన నెత్తి మీదుగా ఊరూరికీ పోయే కరెంటు తీగలు చూడండి. మధ్యలో బలానికి ఉక్కు తీగ, చుట్టూ అల్యూమినియం. ఏ రంగూ లేకుండా నలభై ఏండ్లు ఎండకూ వానకూ వేలాడుతుంటాయి.

అందుకే ఈ లోహంతో రెండు చిక్కులు. ఒకటి, దానికి రంగు అక్కర లేదు. రెండోది, వేస్తే పట్టుకోదు. మంచినీళ్లలో తిరిగే అల్యూమినియం పడవను ఏ రంగూ లేకుండా వదిలేసినా దానికేం కాదు, పనికి వాడే పడవలు చాలా దేశాల్లో అలా బోసిగానే తిరుగుతాయి. ఈ మాట ముందే తెలిసి ఉంటే ఆ ఊరివాళ్ల డబ్బు మిగిలేది. కానీ మే నెలలో మానేరు నీళ్ల మీద బోసి అల్యూమినియం తళతళకు కండ్లు తెరవలేం. పైగా పడవ కొన్నాక దానికో రంగు, పక్కన ఒక పేరు లేకపోతే ఊళ్లో అది పడవ లెక్కలోకి రాదు. రంగు వేయాల్సిందే అన్నారు, వాళ్ల మాట కాదనడానికి నేనెవర్ని?

రెడ్ ఆక్సైడ్ ఇనుముకు పట్టుకునేది ఎందుకంటే ఇనుము ఉపరితలం గరుకు. తుప్పు గీకిన చోట సన్నటి గుంటలు ఉంటాయి, రంగు వాటిలోకి దిగి గోళ్లతో పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. మిల్లులో రోలర్ల కింద నలిగి వచ్చిన అల్యూమినియం రేకు అద్దం లాంటిది. పైన నూనె జిడ్డు, చేతుల చెమట, ఏండ్ల తరబడి నీళ్లు తాగి మెత్తబడ్డ పాత పొర. రంగు వీటన్నిటి మీద పడుకుంది, లోహాన్ని తాకనే లేదు. నా చేతిలోని పెచ్చు వెనకవైపు ఎందుకు నున్నగా ఉందంటే అది రేకు ముఖాన్ని అచ్చు తీసుకుంది. పట్టు దొరికి ఉంటే గరుకుగా ఉండేది.

నా పొరపాటు ఇంకోటి కూడా ఉంది, అదీ చెప్పేస్తాను. రంగు ఊడిందని కోపంతో మరుసటి శివరాత్రి దాటాక నేనే చొక్కా విప్పి కూర్చున్నాను. వెల్డింగు షాపులో వాడే ఇనుప తీగల బ్రష్షు తెచ్చి పడవంతా బరబరా గీకాను. రేకు తెల్లగా వచ్చింది, మురిసిపోయాను. వారం తిరిగేసరికి రేకు నిండా చిన్న చిన్న గోధుమ రంగు చుక్కలు. బ్రష్షులోని ఇనుప తునకలు మెత్తటి అల్యూమినియంలో దిగబడి, రాత్రి మంచుకు తుప్పు పట్టాయి. పిల్లలకు ఏ లోహానికి ఆ బ్రష్షు వేరుగా పెట్టుకోవాలని ముప్పై ఏండ్లు చెప్పిన నోరిది.

రెండు లోహాలు ఒకదాన్నొకటి తాకితే మొదలయ్యే కొట్లాట కొత్తదేం కాదు. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ అనే ఇద్దరు కుర్రవాళ్లు, ఒకరికొకరు తెలియకుండా, కరెంటుతో అల్యూమినియం తీసే పద్ధతి కనిపెట్టారు. ఇద్దరూ 1863లో పుట్టినవాళ్లే, ఇద్దరూ 1914లోనే పోయారు. అంతకుముందు బంగారంతో పోటీపడిన లోహం ఆ తర్వాత అగ్గువైంది. వెంటనే పడవలు కట్టేవాళ్ల కన్ను దాని మీద పడింది. 1895లో అమెరికాలో డిఫెండర్ అనే పందెపు పడవ కట్టారు. నీటి కింది భాగం కంచు, నీటి పై భాగం అల్యూమినియం, లోపలి పక్కటెముకలు ఉక్కు. బరువు తగ్గింది, పందెమూ గెలిచింది. కానీ ఉప్పునీళ్లలో ఈ మూడూ కలిసి బ్యాటరీ అయ్యాయి. బ్యాటరీలో ఒక వైపు కరగాలి కదా, ఇక్కడ కరిగింది అల్యూమినియం. ఆరేండ్లకు, 1901లో, ఆ పడవను విప్పి పాత సామాను కింద అమ్మేశారు.

మన నీళ్లలో ఉప్పు లేదు కాబట్టి అంత వేగం ఉండదు. అయినా జాగ్రత్త అక్కరలేదనను. గోదావరి దాటేటప్పుడు నాణెం వేయడం మనకు అలవాటు. పాత రాగి పైసా ఒకటి గురి తప్పి అల్యూమినియం పడవ అడుగున, నిలిచిన నీళ్లలో పడి ఉండిపోయిందనుకోండి. నెలలు గడిస్తే దాని కింద రేకు గుంట పడుతుంది. పడవ అడుగున నిలిచే రాగి తీగ ముక్క, ఇత్తడి నట్టు, ఇవన్నీ అదే జాతి. సముద్రపు పడవల అడుగుకు నత్తలు, గుల్లలు పట్టకుండా పూసే రాగి కలిసిన పెయింటు కూడా దీనికి పనికిరాదు. మానేరులో అలా అంటుకునే గుల్లలూ లేవు. పాచి పడుతుంది, కొబ్బరి పీచుతో రుద్దితే పోతుంది. సముద్రపు పడవకని అమ్మే ఖరీదైన డబ్బా కొన్నవాడు డబ్బు పోగొట్టుకుని రోగం కొనుక్కున్నట్టే.

ఇక మూడోసారి ఏం చేశామో వినండి. ఈసారి నేను తొందరపడలేదు, ముందు ఇద్దరి పని గుర్తు తెచ్చుకున్నాను.

మొదటి మనిషి మా చిన్నప్పుడు వాడకు వచ్చిన కలాయి సాబు. ఇత్తడి బిందె తెస్తే నేరుగా తగరం పూసేవాడు కాదు. ముందు బిందెలో ఇసుక, గుడ్డ వేసి, తను లోపల నిలబడి, మడమలు గిరగిరా తిప్పుతూ తొక్కేవాడు. మేం పిల్లలం దాన్ని నాట్యమనుకుని నవ్వేవాళ్లం. ఆ తర్వాత కుంపటి మీద బిందె కాచి నవసాగరం చల్లేవాడు. గుప్పున తెల్లటి పొగ. ఆ పొగలోనే తగరం ముక్క రుద్ది, దూది ఉండతో ఒక్క ఊపు ఊపితే బిందె లోపలంతా వెన్నెల. నవసాగరం చేసే పని ఏమిటంటే కాగిన ఇత్తడి మీద అప్పటికప్పుడు కట్టే మాలిన్యపు పొరను తినేయడం. పొర పోయిన ఆ క్షణంలోనే తగరం అంటుకోవాలి. క్షణం దాటితే అంటదు. అల్యూమినియం ప్రైమర్ సూత్రం అంతా ఆ తెల్లటి పొగలో ఉంది.

రెండో మనిషి నిర్మల్ బొమ్మల పనివాడు. ఆయన చేతిలో పొనికి చెక్క చిలుక ఉంది. దానికి నేరుగా పచ్చరంగు వేయడు. ముక్కలను చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తాడు. అతుకులు నింపి ఆరబెడతాడు. తెల్ల సుద్ద పూస్తాడు. ఆరాక నునుపు పెడతాడు. అవన్నీ అయ్యాక గానీ రంగు డబ్బా మూత తీయడు. చిలుకను చేతిలోకి తీసుకుని మెచ్చుకునేవాళ్లు పచ్చరంగును మెచ్చుకుంటారు. కింది సుద్ద పొర గురించి అడిగినవాళ్లను నేను చూడలేదు.

కూలి సంగతి కూడా అంతే. మన దగ్గర పెయింటరు చదరపు అడుగు లెక్కన రంగుకు మాట్లాడుకుంటాడు. గీకుడుకు, కడుగుడుకు, ఆరబెట్టుడుకు లెక్క లేదు. లెక్కలో లేని పని మీద అతను రెండు రోజులు పెడితే అతని ఇల్లు ఎట్లా గడుస్తుంది? మొదటిసారి గుడ్డతో దుమ్ము తుడిచి వదిలినందుకు నేను ఆ పెయింటరును ఒక్క మాట అనలేదు. గీకుడుకు రోజుకూలి వేరే ఇస్తానని నేను చెప్పలేదు మరి. మూడోసారి అదే మనిషిని పిలిచి, గీకుడు మూడు రోజులు, రంగు ఒక రోజు అని ముందే మాట్లాడుకున్నాను. నా దిక్కు వింతగా చూశాడు.

మొదటి రోజు జిడ్డు తీయడం. ఇక్కడ వరుస తప్పొద్దు. ముందు జిడ్డు తీసి, ఆ తర్వాతే గీకాలి. జిడ్డు మీద ఎమరీ పేపరు పెట్టి రుద్దితే జిడ్డును గీతల లోపలికి తొక్కినట్టు అవుతుంది, ఇక ఏం చేసినా రాదు. సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక థిన్నరు. ఒక గుడ్డను థిన్నరులో తడిపి ఒకే దిక్కుకు తుడవడం, వెంటనే పొడి గుడ్డతో ఎత్తేయడం. అదే గుడ్డను తిప్పి తిప్పి వాడితే జిడ్డును ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసినట్టే. పాత చీరలు మూడు అయిపోయాయి.

తర్వాత గీకుడు. ఇనుప బ్రష్షు అటకెక్కింది. ముందు 80 నంబరు ఎమరీ, ఆ పైన 120. మెరుపంతా చచ్చి, రేకు పొద్దున్నే కురిసిన పొగమంచు రంగుకు రావాలి. రివెట్ల చుట్టూ, అతుకుల వెంట మిషను పోదు, వేళ్లతోనే. వేళ్ల కొసలు మొద్దుబారాయి. ముసలి గంగపుత్రుడు ఒకాయన, పడవలో ఆయనకూ వాటా ఉంది, రోజూ వచ్చి గట్టు మీద కూర్చుని బీడీ తాగుతూ చూసేవాడు. మూడో రోజు ఉండబట్టలేక అన్నాడు.

"ఏం సారూ, గీకుడే గీకుడు. ఇంక రెండు రోజులు గీకితే అవతలి ఒడ్డు కనవడ్తది. రంగెప్పుడేస్తరు?"

బీడీ గట్టు మీదే తాగమని నేను బతిమాలాల్సి వచ్చింది. థిన్నరు ఒక కారణం. ఇంకోటి, గీకితే రాలే అల్యూమినియం పొడి. చిచ్చుబుడ్లలో ఆ తెల్లటి వెలుగు ఇచ్చేది అల్యూమినియం పొడే. పక్కన ఇనుము కోసే మిషను నడుస్తూ నిప్పురవ్వలు రాలే షెడ్డులో ఈ గీకుడు పెట్టుకోవద్దు. ముక్కుకు మాస్కు కట్టుకుని, పొడిని ఎప్పటికప్పుడు ఎత్తేయండి.

గీకడం అయిందో లేదో తేల్చేది కన్ను కాదు. ఒక చెంబెడు మంచినీళ్లు రేకు మీద పోయండి. తామరాకు మీద నీటిబొట్టులా నీళ్లు ముత్యాలు ముత్యాలుగా విడిపోతే ఇంకా జిడ్డు ఉన్నట్టు. పలుచటి దుప్పటిలా ఎక్కడా చిరగకుండా పరుచుకుని జారిపోతే రేకు శుభ్రమైనట్టు. మా పడవ ముక్కు దగ్గర, చేతులు వేసి లాగే చోట, మూడుసార్లు ముత్యాలు కట్టింది. మూడుసార్లూ మళ్లీ మొదటి నుంచి. నాలుగోసారి నీళ్లు పరుచుకున్నాయి. ముసలాయన గట్టు దిగి వచ్చి చెంబు తనే తీసుకుని ఇంకోసారి పోశాడు. ఏమీ అనలేదు, చెంబు నా చేతికిచ్చి మళ్లీ పోయి కూర్చున్నాడు.

రేకు ఆరిందా, ఇక ఆలస్యం చేయొద్దు. పొద్దున చివరిసారి గీకితే మధ్యాహ్నానికి ప్రైమర్ పడాలి. రేపు చూద్దాంలే అంటే రాత్రి మంచు, దుమ్ము, పాత కథే. కలాయి సాబు తొందర ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది.

ప్రైమర్‌లో రెండు దారులున్నాయి. కార్ల డెంటింగు, పెయింటింగు షాపుల్లో దొరికే ఎచ్ ప్రైమర్ ఒకటి. అందులో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది, అది రేకును సన్నగా కొరికి పట్టుకుంటుంది. మా అవ్వ చింతపండుకు కొంచెం చదువుకున్న తమ్ముడనుకోండి. దాన్ని నీళ్లంత పలుచగా, కింది లోహం లీలగా కనిపించేట్టు వేయాలి. మందంగా వేస్తే అదే ఊడుతుంది. ఇంకో దారి ఎపాక్సీ ప్రైమర్, రెండు డబ్బాలు కలిపేది. గరుకు బాగా ఉంటే ఇది ఒక్కటే చాలు. ఒకదాని మీద ఒకటి వేస్తే ఇంకా మంచిదని ఎవరైనా అంటే డబ్బా మీది అక్షరాలు చదవకుండా నమ్మొద్దు. కొన్ని ఎపాక్సీలకు ఎచ్ ప్రైమర్‌లోని ఆమ్లం పడదు. పాతకాలంలో విమానాలకు వేసిన పసుప్పచ్చటి జింక్ క్రోమేట్ కూడా ఈ లోహానికి బాగా పట్టేది. కానీ అందులోని క్రోమియం క్యాన్సర్ కారకం. ఏ మూల దుకాణంలోనో పాత డబ్బా ఉందని అగ్గువకు ఇచ్చినా వద్దనండి. ఎర్రటి సీసపు ప్రైమర్ కూడా అంతే, మనిషికీ మంచిది కాదు, అల్యూమినియానికీ పడదు. ఇండ్లకు వేసే పెయింట్లలో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలు మించొద్దని మన దేశంలో 2017 నుంచి నియమం ఉంది, అయితే అది ఇంటి పెయింట్లకే.

మేం ఎపాక్సీ తీసుకున్నాం. పడవ బయటి వైపు దాదాపు 90 చదరపు అడుగులు, కోటుకు లీటరు లోపే పట్టింది. కలిపేటప్పుడు చేతిలెక్క పనికిరాదు. రంగు ఎక్కువ, రెండో డబ్బాలోని హార్డ్‌నర్ తక్కువ పోస్తే అది ఎన్నాళ్లైనా జిగటగానే ఉంటుంది. డబ్బా మీద ఎంత రాస్తే అంత, గుర్తులున్న పాత్రతో కొలవాలి. కలిపాక ఓ పావుగంట ఆగాలి. అక్కడి నుంచి గడియారం మీ చేతిలో ఉండదు. కలిపింది వాడుకోవడానికి డబ్బా మీద నాలుగు గంటలని రాసి ఉంటే మన ఎండకు రెండే అనుకోండి. మా పెయింటరు మిగిలింది వృథా ఎందుకని ప్లాస్టిక్ మగ్గులో ఉంచి అన్నం తినడానికి పోయాడు. వచ్చి మగ్గు పట్టుకుని గబుక్కున వదిలేశాడు. నిప్పు లేకుండానే మగ్గు టీ గ్లాసంత వేడెక్కింది. లోపల బ్రష్షుతో సహా గడ్డకట్టి రాయి అయ్యింది. ఆ బ్రష్షు ఇప్పటికీ ఆ రాయిలో నిలబడే ఉంది, వాళ్ల పిల్లలు దానితో బొమ్మలా ఆడుకుంటున్నారట.

ఏ కాలంలో వేయాలన్నది మన జిల్లాల్లో పెద్ద ప్రశ్న. మే నెల ఎండలో రేకు మీద చేయి పెట్టలేం. ఆ రేకు మీద రంగు పరుచుకోకముందే థిన్నరు ఎగిరిపోయి బుడగలు వస్తాయి. ఆదిలాబాద్ వైపు పుష్య మాసపు చలిలో ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగిందా, ఎపాక్సీ గట్టిపడటం మానేసి నిద్రపోతుంది. పైగా మంచు. తెల్లారి రేకు కన్నుకు పొడిగా కనిపించినా చెంప ఆనిస్తే తడి తెలుస్తుంది. వానకాలం సంగతి చెప్పనక్కర లేదు. మిగిలింది శివరాత్రి నుంచి ఉగాది దాకా ఉన్న నెల, లేదా దసరా దాటాక చలి ముదరకముందు కొన్ని రోజులు. అదీ పొద్దున పది తర్వాత మొదలుపెట్టి, మూడు లోపు ముగించాలి, నీడలో. మేం వేపచెట్టు కింద వేశాం. వేపపూత రాలి ప్రైమర్‌లో అంటుకుంది. ఏదో ఒకటి ఉంటుంది కదా. పూతను ఏరి, అక్కడక్కడ నీళ్ల ఎమరీతో సవరించాం.

ప్రైమర్ మీద పై రంగు ఎప్పుడు వేయాలన్నది డబ్బా మీదే ఉంటుంది. ఆ గడువులోపు వేస్తే రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. గడువు దాటితే ప్రైమర్ మీద మళ్లీ సన్నగా గరుకు చేయాలి. మాకు మధ్యలో పెండ్లి వచ్చింది, గడువు దాటింది, మళ్లీ గరుకు చేశాం. పై రంగు నీలమే, కాకపోతే ఈసారి లేతది. ముదురు నీలం ఎండను తాగి రేకును కాలుస్తుంది. పీయూ, అంటే పాలీయురేథేన్ రంగు కొన్నాం గానీ గన్నుతో కొట్టనివ్వలేదు, రోలరుతోనే వేయించాను. ఆ రంగు హార్డ్‌నర్ తుంపర ఊపిరితిత్తులకు మంచిది కాదు, మామూలు గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. కారుకు వచ్చినంత నునుపు రాలేదు. చేపలకేం తెలుసు?

బోల్టులు, కొక్కేలు విప్పిన చోట స్టీలు, అల్యూమినియం నేరుగా తాకకుండా పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి మధ్యన పెట్టాం. డిఫెండర్ కట్టినవాళ్లకు సైకిల్ ట్యూబు గుర్తు రాలేదు మరి.

పది రోజులు ఆరనిచ్చి పరీక్ష చేశాం. బ్లేడుతో రంగు మీద జల్లెడలా అడ్డం, నిలువు గీతలు గీసి, దాని మీద గట్టి టేపు అతికించి ఒక్కసారి లాగడం. నేను చేయబోతుంటే ముసలాయన వద్దన్నాడు, తనే లాగుతానన్నాడు. బీడీ పారేసి, చేతులు పంచెకు తుడుచుకుని, రెండు చేతులతో లాగాడు. టేపు ఖాళీగా వచ్చింది. దాన్ని ఎండకు ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత గీతల మీద గోరు పెట్టి గీకాడు.

"గోరుకు గూడ రాలే" అన్నాడు.

మొన్న కార్తీకంలో ఆ ఊరికి పోయాను. పడవ గట్టు మీదికి లాగి ఉంది. లేత నీలం కొంచెం వెలిసింది గానీ ఎక్కడా పెచ్చు లేవలేదు. అడుగున నడిమి వెన్ను దగ్గర మాత్రం, రోజూ రాళ్ల మీద లాగే చోట, అరచేతి వెడల్పున రంగు అరిగిపోయి తెల్ల రేకు తేలింది. నా చేయి ఊరుకోదు కదా, సంచిలోంచి ఎమరీ తీశాను. ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇడువు సారూ. రాయికి రాసేకాడ రంగెందుకు? గదెట్లా తుప్పు వట్టదని నువ్వే చెప్తివి గద."

ఎమరీ సంచిలో పెట్టేసి, ఆయనతోపాటు పడవ ఎక్కాను.